నడుం పట్టేసి హోలిస్టిక్ కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తే: చేతి పనికి నాలుగు స్టార్లు, ప్యాకేజీకి ఒకటి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా నడుం పట్టేసిందని ఒక్క మెసేజ్ పెడితే చాలు, ఇద్దరు వోలిని రాయమంటారు, ఒకాయన కేరళ తైలం అంటాడు, మిగతావాళ్ళంతా "కైరోకి వెళ్ళు బ్రో, ఒక్క సిట్టింగ్‌లో సెట్ అయిపోద్ది" అంటారు. కైరో అంటే కైరోప్రాక్టర్, వెన్నుని, కీళ్ళని చేత్తో నొక్కి, తోసి సర్దే ఆయన; హోలిస్టిక్ అని తగిలిస్తే ఒళ్ళంతా కలిపి చూస్తామని చెప్పుకోవడం. నేనూ ఆ మాట మీదే వెళ్ళాను. క్లినిక్ పేరు రాయను, మెసేజ్ పెట్టి అడిగినా చెప్పను. అక్కడ పనిచేసే మనుషులతో నాకు గొడవేం లేదు, నచ్చనిదల్లా వాళ్ళ అమ్మకం పద్ధతి, అది ఆ ఒక్క క్లినిక్‌తో ఆగే సంగతి కాదు. అందుకని మొదటిసారి వెళ్ళేవాళ్ళకి లోపల ఏమేం జరుగుతుందో, ఎక్కడ సరే అనాలో, ఎక్కడ లేచి వచ్చేయాలో రాస్తున్నాను.

నా సంగతి చిన్నదే. డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీయడానికి వంగాను, మళ్ళీ లేవలేకపోయాను. నడుం కింద ఎడమపక్క పట్టేసింది, పిరుదు దాకా లాగుతోంది, కాలిలోకి మాత్రం పాకలేదు, తిమ్మిర్లు లేవు. ప్రైమరీ కేర్ డాక్టర్‌కి ఫోన్ చేస్తే వచ్చే వారం దాకా స్లాట్ లేదన్నారు. కైరో క్లినిక్‌లో ఆ సాయంత్రమే రమ్మన్నారు. వీళ్ళ వ్యాపారం సగం ఇక్కడే నడుస్తుందని నా అనుమానం. నొప్పితో ఉన్నవాడిని ఆ రోజే ఎవరో ఒకరు చెయ్యి వేసి చూస్తే అదే పెద్ద ఊరట కదా.

అసలు కైరోప్రాక్టర్ అంటే ఎవరో ముందు తెలుసుకుని వెళ్ళండి. పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, కానీ ఎం.డి. కాదు, డి.సి. అంటే డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్. సుమారు నాలుగేళ్ళ కోర్సు, తర్వాత నేషనల్ బోర్డ్ పరీక్షలు, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్స్. మన డాలస్‌లోనే పార్కర్ యూనివర్సిటీ అని ఆ చదువు చెప్పే కాలేజీ ఉంది. టెక్సాస్‌లో వీళ్ళు మందులు రాయరు, ఆపరేషన్లు చేయరు, ఎక్స్‌రే తీస్తారు. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ కైరోప్రాక్టిక్ ఎగ్జామినర్స్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ ఉందో లేదో వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని.

లోపలికి వెళ్ళగానే ఫారం ఇచ్చారు, అది నింపేసరికే నా నడుం ఇంకోసారి పట్టేసింది. నిద్ర ఎలా ఉంది, విరేచనం రోజూ అవుతుందా, ఆఫీసు టెన్షన్ పదిలో ఎంత, చిన్నప్పుడు చెట్టు మీంచి గానీ సైకిల్ మీంచి గానీ పడ్డారా, మీరు నార్మల్ డెలివరీలో పుట్టారా సిజేరియనా... ఆఖరి ప్రశ్నకి అమ్మకి ఫోన్ చేయాలేమో అనుకున్నాను. నవ్వుకున్నా గానీ, ఇందులో మంచి కూడా ఉంది. మామూలు డాక్టర్ పావుగంటలో పంపించేస్తాడు. ఈయన ముప్పావుగంట కూర్చుని, ఏ కుర్చీలో పని చేస్తావు, లాప్‌టాప్ ఏ ఎత్తులో ఉంటుంది, రోజుకి ఎంతసేపు నడుస్తావు అని ఒక్కొక్కటీ అడిగాడు. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చుని ఇంటినుంచి పని చేస్తున్నానంటే ఆయన మొహం చూడాలి.

తర్వాత పరీక్ష. ముందుకి వంగమన్నాడు, పక్కలకి వంగమన్నాడు, వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా ఒక్కో కాలు పైకి లేపాడు, సుత్తితో మోకాలి కింద కొట్టి చూశాడు, బొటనవేలు నా చెయ్యి మీద గట్టిగా నెట్టు అన్నాడు. మూత్రం గానీ విరేచనం గానీ అదుపు తప్పుతోందా, తొడల మధ్య మొద్దుబారినట్టు ఉందా, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడైనా క్యాన్సర్, ఈమధ్య యాక్సిడెంట్ ఏమైనా ఉందా అని కూడా అడిగాడు. ఈ ప్రశ్నలు అడగని కైరోప్రాక్టర్ చేతికి మీ వెన్ను అప్పగించకండి. వీటిలో దేనికైనా అవునని జవాబు వస్తే, లేదా కాలు రోజురోజుకీ బలహీనమవుతుంటే, అది కైరో పని కాదు, డాక్టర్ దగ్గరికి పోవాల్సిన కేసు. అదుపు తప్పడం, మొద్దుబారడం అయితే నేరుగా ఎమర్జెన్సీకే. నాలుగు స్టార్లలో రెండు ఈ పరీక్షకే ఇస్తున్నాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత వెన్ను పొడుగూతా ఒక చిన్న రోలర్ లాంటి యంత్రం దొర్లించారు, స్క్రీన్ మీద నా వెన్నెముక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో వచ్చింది. ఎర్రగా ఉన్నచోట నరాలు ఒత్తుకుపోయాయట. నాకు నొప్పి ఉన్న చోట ఆకుపచ్చ, అసలు ఏ బాధా లేని మెడ దగ్గర ఎరుపు. అడిగితే "శరీరం అంతా ఒకటే కదా" అన్నాడు. సరే.

వెంటనే మొత్తం వెన్నుకి ఎక్స్‌రే అన్నారు. ఇక్కడ ఆగండి. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి, పైన చెప్పిన ప్రమాద సూచనలేవీ లేకపోతే, మొదటి ఆరు వారాల్లో ఎక్స్‌రే అక్కర్లేదని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే 2017లో చెప్పింది, బయటివాళ్ళు చెప్పింది కాదు, వాళ్ళ సొంత సంఘమే. నలభై దాటినవాళ్ళలో చాలామందికి నొప్పి లేకపోయినా వెన్నులో ఏదో ఒక అరుగుదల కనిపిస్తుంది, అది చూపించి భయపెట్టడం సులువు. "ఇప్పుడొద్దు, ఆరు వారాలకి తగ్గకపోతే చూద్దాం" అన్నాను. వాదించలేదు, వద్దన్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, అంతే. మొహమాటపడితే ఆ ఎక్స్‌రే బిల్లు వేరే, 49 డాలర్ల న్యూ పేషెంట్ ఆఫర్‌లో అది లేదు.

ఇప్పుడు అందరికీ కావాల్సిన భాగం, ఆ టకటక. బల్ల మీద బోర్లా పడుకుంటే మొహం పెట్టుకోడానికి కన్నం ఉంటుంది, దాని మీద టిష్యూ కాగితం, ఊపిరి వదిలినప్పుడల్లా అది ముక్కుకి అంటుకుంటుంది. బొటనవేళ్ళతో ఒక్కో వెన్నుపూస పక్కన నొక్కుకుంటూ కిందికి వచ్చాడు. నొప్పి ఉన్న చోటికి రాగానే నేను నోరు తెరవకముందే ఆగిపోయాడు, ఆ చేతికి దణ్ణం పెట్టొచ్చు. తర్వాత కుడిపక్కకి తిప్పి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, నా చేతులు రెండూ ఛాతీ మీద కట్టించి, భుజాన్ని వెనక్కి, తుంటిని తన వైపుకి పట్టుకున్నాడు. "ఊపిరి పీల్చు... వదులు" అన్నాడు, వదిలీ వదలకముందే ఒక్క తోపు. టకటకా మూడు శబ్దాలు. నొప్పి లేదు. గుండె మాత్రం ఒక్కసారి ఆగినంత పనైంది.

ఆ శబ్దం ఎముక విరిగిందీ కాదు, పక్కకి పోయిన పూస తిరిగి చోటుకి వచ్చిందీ కాదు. కీలు మధ్య జిగట ద్రవం ఉంటుంది, కీలు ఒక్కసారి విడివడితే అందులో వాయువు బుడగ ఏర్పడుతుంది. వేళ్ళ మెటికలు విరుచుకున్నప్పుడు జరిగేది కూడా ఇదే. 2015లో కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు వేలిని లాగుతూ ఎంఆర్‌ఐ తీసి మరీ చూపించారు. శబ్దం వచ్చినంత మాత్రాన పని జరిగినట్టు కాదు, రాకపోతే జరగనట్టూ కాదు. యూట్యూబ్‌లో మైకు పెట్టి మరీ ఆ టకటక వినిపించే వీడియోలు చూసి వెళ్ళేవాళ్ళకి ఈ ముక్క చెప్పాలి.

ఈ తోపు భయమైతే వేరే రకాలు ఉన్నాయి, అడగండి. స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో పూస పక్కన టక్ టక్‌మని కొట్టేది ఒకటి. బల్లలోనే ఒక ముక్క కొద్దిగా కిందికి పడేలా చేసేది ఇంకొకటి, ధడేల్మని శబ్దం బల్లదే, మీది కాదు. మెల్లగా వంచుతూ సాగదీసే బల్ల కూడా ఉంటుంది.

ఆ సాయంత్రం కారు దిగి నిటారుగా నడిచాను, అది నిజం. మర్నాడు ఒళ్ళంతా కొత్తగా జిమ్‌కి వెళ్ళినట్టు నొప్పులు, అదీ నిజమే, మామూలేనట, ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

మెడ దగ్గర మాత్రం నేను వద్దన్నాను. మెడని గట్టిగా తిప్పినప్పుడు మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని గోడ చీరి స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉంది. చాలా అరుదు, కానీ ఉంది, 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా మెడ మానిప్యులేషన్ (చేత్తో ఇలా తోయడం, తిప్పడం) చేసే ముందు ఈ సంగతి పేషెంటుకి చెప్పాలని రాసింది. మెడ ధమని అప్పటికే చీరి ఉండి, ఆ నొప్పితోనే జనం కైరో దగ్గరికి వెళ్తున్నారేమో అనే వాదనా ఉంది, ఏది ముందో ఇంకా తేలలేదు. తేలేదాకా నా మెడ నా దగ్గరే ఉంటుంది. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో జుట్టు కడిగించుకుంటూ మెడ వెనక్కి వాల్చిన ఒకావిడకి స్ట్రోక్ వచ్చిన వార్త గుర్తుందా? మన ఊళ్ళో కటింగ్ అయ్యాక తల మసాజ్ చేసి అటూ ఇటూ ఒక్క విరుపు విరుస్తారు చూడండి, దానికీ ఇదే మాట. నేను వద్దనగానే ఆయన సరే అన్నాడు. వద్దన్నా ఒప్పించాలని చూసేవాడైతే అక్కడితో ఆపేయండి.

రెండోసారి రమ్మన్నప్పుడు "మీ వైఫ్‌ని కూడా తీసుకురండి, రిపోర్ట్ ఇద్దరికీ చెప్తాను" అన్నారు. ఎందుకా అనుకున్నాను, వెళ్ళాక అర్థమైంది. చిన్న గది, గోడ మీద వెన్నెముక బొమ్మ, ఒక్కో పూస నుంచి ఒక్కో గీత, ఇది గుండెకి, ఇది పొట్టకి, ఇది థైరాయిడ్‌కి అని. నా రంగుల బొమ్మ స్క్రీన్ మీద పెట్టి, ఇప్పుడు పట్టించుకోకపోతే పదేళ్ళకి ఏమవుతుందో చెప్పి, ఆ తర్వాత ప్లాన్ కాగితం తీశారు. మా ఊళ్ళో జాతకం చూసే ఆయన కూడా ముందు దోషం చెప్పి, మనం కాస్త బిగుసుకున్నాకే శాంతికి ఎంతవుతుందో చెప్తాడు, అచ్చం అదే వరస.

ప్లాన్ ఇదీ: వారానికి మూడుసార్లు చొప్పున నాలుగు వారాలు, తర్వాత వారానికి రెండుసార్లు ఎనిమిది వారాలు, ఆపైన వారానికి ఒకసారి ఇంకో ఎనిమిది వారాలు. మొత్తం 36 విజిట్లు. విడిగా అయితే విజిట్‌కి 65 డాలర్లు, అంతా ఒకేసారి కడితే 55, అంటే 1,980 డాలర్లు, "ఈ రోజే తీసుకుంటే" అని చివర్న ఒక ముక్క. ఆ తర్వాత నెలకి రెండుసార్లు మెయింటెనెన్స్, అది జీవితాంతం.

మా ఆవిడ ఫ్రంట్ డెస్క్ అమ్మాయిని ఒక్కటే అడిగింది: "ఈయనకి రెండు వారాల్లో తగ్గిపోతే మిగతా డబ్బులు వెనక్కిస్తారా?" ఇస్తారట, కానీ వాడుకున్న విజిట్లని డిస్కౌంట్ లేకుండా 65 చొప్పున లెక్కగట్టి. అంటే పది విజిట్లు వాడి మానేస్తే 650 పోగా మిగిలింది ఇస్తారు. రాతపూర్వకంగా ఉందా అంటే ఉందన్నారు, చూపించారు. కనీసం అది నచ్చింది. మేము విజిట్‌కి విజిట్ కడతాం అన్నాం. అమ్మాయి మొహం కొద్దిగా చిన్నబోయింది గానీ కార్డు తీసుకుంది. ప్యాకేజీ వద్దంటే వైద్యం ఉండదనుకునేవాళ్ళకి చెప్తున్నాను, ఉంటుంది.

ఈ హోలిస్టిక్ వ్యవహారం అంతా ఎక్కడిదంటే, 1895లో అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన, అప్పటిదాకా అయస్కాంత వైద్యం చేసేవాడు, హార్వీ లిల్లార్డ్ అనే చెవుడున్న మనిషికి వీపు మీద పూస ఒకటి నొక్కితే వినికిడి వచ్చిందన్నాడు. చెవి నరం వీపులోంచి పోదు, ఆ సంగతి పక్కన పెడదాం. పూసలు కొద్దిగా పక్కకి జరిగి నరాలని అడ్డుకోవడమే రోగాలకి మూలం అన్నది ఆయన సిద్ధాంతం, దాన్నే సబ్‌లక్సేషన్ అంటారు. 2010లో బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లని నియంత్రించే కౌన్సిలే, ఇది పాతకాలపు సిద్ధాంతం, రోగాలకి ఇదే కారణమనడానికి పరిశోధనలో ఆధారం లేదు అని తేల్చేసింది. ఇప్పటికీ ఈ వృత్తిలో రెండు వర్గాలున్నాయి, నడుం, మెడ, కీళ్ళ నొప్పులకి పరిమితమయ్యేవాళ్ళు ఒకరు, షుగర్ నుంచి ఆస్తమా దాకా అన్నీ వెన్నులోనే ఉన్నాయనేవాళ్ళు ఇంకొకరు. బోర్డు మీద హోలిస్టిక్ అని ఉంటే ఏ వర్గమో చెప్పలేం, గోడ మీద ఆ గీతల బొమ్మ ఉంటే చెప్పొచ్చు.

వెయిటింగ్ హాల్లో ఒక జంట నెలల పిల్లాడిని ఎత్తుకుని కూర్చున్నారు, రాత్రుళ్ళు ఏడుస్తున్నాడని తీసుకొచ్చారట. మనసు ఆగలేదు. పసిపిల్లల వెన్ను సర్దితే కడుపునొప్పి, చెవినొప్పి తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆస్ట్రేలియాలో 2019లో కైరోప్రాక్టిక్ బోర్డే రెండేళ్ళ లోపు పిల్లలకి వెన్ను మానిప్యులేషన్ చేయొద్దని తాత్కాలికంగా ఆదేశం ఇచ్చింది. పిల్లాడు ఏడుస్తుంటే పీడియాట్రిషన్ దగ్గరికి తీసుకెళ్ళండి బాబూ.

సప్లిమెంట్ల అల్మారా గురించి ఒక్క మాట. మెగ్నీషియం, చేప నూనె, వాటి పక్కన పసుపు క్యాప్సూల్స్ సీసా 38 డాలర్లు. పసుపు. మనకి. పాదాలు స్కాన్ చేసి చెప్పుల్లో పెట్టుకునే సోల్స్ కూడా అమ్మజూపారు, దణ్ణం పెట్టి వచ్చేశాను.

మరి తగ్గిందా అంటే తగ్గింది. మొదటి వారంలోనే బాగా తేలికైంది, ఆ తర్వాత ఇంకొన్నిసార్లు వెళ్ళి మానేశాను. అయితే కొత్తగా వచ్చిన నడుం నొప్పి ఏం చేసినా చేయకపోయినా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుందని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. అందులోనే మాత్రలకంటే ముందు కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్, వెన్ను మానిప్యులేషన్ ప్రయత్నించొచ్చు అని కూడా ఉంది. కాబట్టి కైరో దొంగ వైద్యమూ కాదు, అద్భుతమూ కాదు, వేడినీళ్ళ సంచీ ఉన్న వరసలోనే ఇదీ ఒకటి, కాకపోతే ఖరీదెక్కువ. అమ్మకి ఫోన్‌లో ఖర్చు చెప్తే, "ఒరేయ్, దానికన్ని డాలర్లెందుకురా, మీ మేనత్త ఎదురుకాళ్ళతో పుట్టింది, ఇక్కడుంటే కాలితో రెండు తొక్కులు తొక్కేది, పోయేది" అంది. ఆ వైద్యానికి ఇన్సూరెన్స్ లేదమ్మా అన్నాను.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆయన ఇచ్చిన ఎక్సర్‌సైజ్ కాగితం. వెల్లకిలా పడుకుని నడుం నేలకి అదమడం, నాలుగు కాళ్ళ మీద నిలబడినట్టు ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం, తుంటి ముందు కండరం సాగదీయడం, రోజూ అరగంట నడక. ఆయన పక్కన నిలబడి నా తుంటి పక్కకి ఒరిగిపోతుంటే సరిచేసి మరీ నేర్పాడు. దాంతోపాటు సరైన కుర్చీ కొన్నాను. వట్టి టకటకతో పంపేసి ఎక్సర్‌సైజ్ ఊసెత్తని చోటికి రెండోసారి వెళ్ళక్కర్లేదు.

డబ్బు విషయం. క్లినిక్ వాళ్ళు "మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం" అంటే చాలదు, ఇన్-నెట్‌వర్కా (ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న క్లినిక్కా) కాదా, డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) కట్టాకే వర్తిస్తుందా, ఏడాదికి ఎన్ని విజిట్లు, ఇవి మీరే ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. బిల్లులో 98940 కోడ్ ఉంటే వెన్నులో ఒకటి రెండు భాగాలకి చేసినట్టు, 98941 అంటే మూడు నాలుగు భాగాలకి. నడుం ఒక్కదానికే చేయించుకుని వచ్చి రెండో కోడ్ కనిపిస్తే అడగండి. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) కార్డు పనిచేస్తుంది. ఇక్కడే స్థిరపడి మెడికేర్ (పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్నవాళ్ళకి పార్ట్ బి కింద వెన్ను మానిప్యులేషన్ వరకే ఇస్తారు, కైరో తీసిన ఎక్స్‌రేకి గానీ మసాజ్‌కి గానీ ఇవ్వరు. మెయింటెనెన్స్ విజిట్లకీ ఇవ్వరు.

పెద్దవాళ్ళ మాట వచ్చింది కాబట్టి: ఎముకలు గుల్లబారిన అమ్మల్ని, రక్తం పలచబడే మందు వాడే నాన్నల్ని ఈ గట్టి తోపులకి తీసుకెళ్ళకండి, ముందు వాళ్ళ డాక్టర్‌ని అడగండి. ఇండియాలో చేయించుకునేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త. పేరు కొట్టి లైసెన్స్ చూసుకోడానికి అక్కడ ఇలాంటి కైరో బోర్డు లేదు. రీల్స్‌లో ఎముకలు విరిచేవాడు ఏం చదివాడో మొహమాటం లేకుండా అడగండి, ఫిజియోథెరపిస్ట్ అయితే కనీసం ఒక డిగ్రీ ఉంటుంది. దీన్ని పుత్తూరు కట్టుతో పోల్చేవాళ్ళూ ఉన్నారు గానీ, అది విరిగిన ఎముకకి కట్టేది, దీనికీ దానికీ పొత్తు లేదు.

వెళ్ళేవాళ్ళు ఉదయం అపాయింట్‌మెంట్ తీసుకోండి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి వెళ్తే హాలు నిండిపోయి ఉంటుంది, ఆయన ఒక బల్ల మీంచి ఇంకో బల్లకి పరుగెడుతూ మనిషికి నాలుగు నిమిషాల్లో తేల్చేస్తాడు, తీసుకునే 65 మాత్రం మారదు.